కల్లం చేతులు

గుర్రానికి కునుకు పట్టే ముందు కింది పెదవి వేలాడుతుందని నాకు నలభై దాటాక తెలిసింది. చెప్పింది కనకలక్ష్మి గారు. ఆవిడ ఎక్కడో రేసు గుర్రాల శాలల్లో పనిచేసి, రిటైరయ్యాక అమరావతిలో ఉంటున్నారు. మందూ సూదీ లేకుండా వేళ్లతోనే గుర్రానికి ఊరట కలిగించడం ఆవిడ విద్య. దాన్ని ఆక్యుప్రెషర్ అంటారట. నాకు నోరు తిరగక ఒత్తుడు అనే అంటాను.

నేర్చుకోవాలని నాకేం సరదా పుట్టలేదు. మా మిరప కల్లం పక్కనే రంజాన్ బాబాయ్ గుర్రపు పాక. ఆయనకున్నది ఒక్కటే గుర్రం, తెల్లటిది, పేరు గులాబీ. పెళ్లికొడుకుల్ని ఊరేగించేది. చీరాలలో ఒక పెళ్లిలో ఎవడో బుద్ధి గడ్డి తిన్నవాడు దాని మొహం ముందే టపాకాయల సరం అంటించాడు. ఆ వేళ కళ్లెం పట్టుకుని ఉన్నది బాబాయే. అప్పటి నుంచి గులాబీ తల దగ్గరికి ఎవరి చెయ్యీ పోనివ్వదు. బాబాయ్ కనబడితే గోడకి అతుక్కుపోతుంది. అంటించినవాడు హాయిగా పెళ్లిభోజనం తిని పోయాడు, శిక్ష మాత్రం ఈయనకి పడింది.

"వేసవి పెళ్లిళ్లకి కళ్లెం పెట్టించుకోకపోతే లారీ ఎక్కించాల్సిందే రెబ్కా. ఊరికే కట్టేసి మేపే శక్తి నాకేదీ?" అన్నాడు బాబాయ్. ఆ లారీ ఎక్కడికి పోతుందో ఆయన చెప్పలేదు. నాకు అడిగే ధైర్యం లేకపోయింది.

అప్పుడప్పుడూ వేరుశనగ కట్టె మేతగా వేస్తుంటానని గులాబీ నన్నొక్కదాన్ని పక్కన నిలబడనిచ్చేది. పైగా కాయ కోసి నడుములు పట్టేసిన ఆడవాళ్లందరికీ ఒత్తిపెట్టేది నేనే. అందుకే బాబాయ్ ఎవరినో పట్టుకుని కనకలక్ష్మి గారిని పిలిపించి, ఆవిడ ముందు నన్ను నిలబెట్టాడు.

"కంటి లోపలి మూల నుంచి ఒక దారి ఉంటుందమ్మా," అన్నారావిడ. "నుదురు, మెడ దాటి, వెన్నుకి పక్కగా, వెనక కాలి గిట్ట దాకా పోతుంది. గట్టిగా నొక్కొద్దు. వేళ్లు ఆనించి మెల్లగా నడవండి. అది కన్నార్పిన చోట ఆగండి. పెదాలు నాకి, నమిలినట్టు నోరు ఆడించిందంటే లోపలి బిగువు వదిలినట్టే."

వీపు మీద ఆ దారి నాకు త్వరగానే దొరికింది. మధ్యాహ్నం కల్లంలో తొడిమలు తీసి, సబ్బుతో చేతులు కడుక్కుని పాకలోకి వెళ్లేదాన్ని. బయట ఎర్రగా పరుచుకున్న కాయలు ఎండకి గలగలమనేవి. పక్క చేలోంచి పత్తి పింజ ఒకటి తేలుతూ వచ్చి గులాబీ జూలు మీద వాలేది. నా అరచేతి కింద దాని ఊపిరి లేచి దిగేది. కాసేపటికి ఏది దాని ఊపిరో ఏది నాదో తెలిసేది కాదు. ఒకరోజు నిలబడే కునుకు తీశాను. ఆ కునుకులో మేమిద్దరం కల్లం మీద నడుస్తున్నాం, కాయ ఒక్కటీ నలగడం లేదు, కల్లానికి అంచు రావడం లేదు. మెలకువ వచ్చేసరికి గులాబీ పెదవి వేలాడుతోంది. నాదీ వేలాడే ఉంటుంది, చూసినవాళ్లు లేరు గనక బతికిపోయాను.

కంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కల చెదిరిపోయేది. వేళ్లు తగిలీ తగలకముందే తల విదిలించి, బుస్సుమని తుమ్మేది. ఎడమ కంట నీళ్లు కారేవి. నేనెప్పుడూ మొదలుపెట్టేది ఎడమ పక్కనే.

"మీ చెయ్యి బరువు," అన్నారు కనకలక్ష్మి గారు. చెయ్యి ఈకలా ఆనించాను. అయినా అంతే. అది టపాకాయల భయమే, ఇక పోదని ఊరంతా తేల్చేసింది.

లారీ వాడు వచ్చి, దూరం నుంచే గులాబీని ఎగాదిగా చూసి, ఆదివారం బండి తెస్తానని చెప్పి పోయాడు. బాబాయ్ గడ్డి మోపు మీద కూలబడ్డాడు. "బిడ్డలా పెంచుకున్నానే అమ్మాయ్," అని తల పట్టుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకున్నాను.

భగ్గుమంది. కళ్లలో నిప్పులు పోసినట్టయింది.

మా కల్లం ఆడవాళ్లం చెమటైనా కన్నీళ్లయినా భుజంతోనే తుడుచుకుంటాం. ఆ రోజు ఒళ్లు తెలియక వేళ్లతో తుడుచుకున్నాను. మా అమ్మాయి ఆరాధన పాలు తాగే రోజుల్లో మా అత్త బిడ్డని పట్టుకుని నా రొమ్ముకి ఆనిస్తే, నేను చేతులు వీపు వెనక కట్టుకుని పాలిచ్చేదాన్ని. కల్లం చేతులు బిడ్డని ముట్టకూడదన్నది మా ఇళ్లలో కట్టుబాటు. సబ్బుకి ఆ ఘాటు పోదు. ఏళ్ల తరబడి అలవాటుపడ్డ నా వేళ్లకి అది తెలియను కూడా తెలియదు. ఇన్నాళ్లూ గులాబీ కంట్లో కారం కొట్టింది నేనే, నింద టపాకాయల మీద వేశాను.

మంటకి గెంతుతూనే బాబాయ్‌కి చెప్పాను. ఆయన ముందు తెల్లబోయాడు, తర్వాత ముక్కు చీదుకుంటూ నవ్వాడు.

"అయితే నువ్విక కల్లంలో అడుగుపెట్టొద్దు," అన్నాడు.

"బాగుంది! కాయకి తొడిమలు ఎవరు తీస్తారు, మీ తాతా?"

"నేను తీస్తా."

పుట్టి బుద్ధెరిగి మిరపకాయ ముట్టని మనిషి. మర్నాడే కల్లంలో కూర్చున్నాడు. సాయంత్రానికి చేతులు మజ్జిగ కుండలో పెట్టుకుని కూతలు పెట్టాడు. నేను నువ్వులనూనె పట్టించి, మజ్జిగతో కడిగి, సున్నిపిండితో రుద్ది, మళ్లీ నూనె పట్టించి చేతుల్ని పసిబిడ్డ చేతుల్లా చేసుకున్నాను. వేలు నా కంట్లోనే పెట్టుకుని చూసుకున్నాక గానీ పాకలోకి పోలేదు.

ఈసారి దారి తిరగేశాను. వెనక గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి నడిచాను. తొందరేమీ పడలేదు. మెడ దగ్గర ఒక పూట, చెవుల మధ్య ఒక పూట ఆగిపోయాను. శనివారం మధ్యాహ్నం నా వేళ్లు ఎడమ కంటి మూలకి చేరాయి. గులాబీ కన్నార్పింది. ఆగాను. పెదాలు నాకింది, నమిలినట్టు నోరు ఆడించింది, బరువంతా వదిలేసి తన కన్నుని నా అరచేతిలో మూసుకుంది. ఆ వెచ్చదనంలో ఎంతసేపు ఉన్నామో. తర్వాత నేను కళ్లెం తొడుగుతుంటే అది ఆవలించింది.

మెల్లగా కల్లం అంచుకి నడిపించుకొచ్చాను. బాబాయ్ చూశాడు. ఒళ్లో కాయలన్నీ పారబోసుకుంటూ లేచి, రెండు చేతులూ చాచి పరుగెత్తుకొచ్చాడు.

"ఆగు బాబాయ్! కల్లం చేతులు!" అని అరిచాను.

ఉన్నచోటే ఆగిపోయాడు. చేతులు వీపు వెనక్కి కట్టుకున్నాడు. కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. గులాబీ ఆ మనిషిని, వెనక్కి పోయిన ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. నేను కళ్లెం వదిలేశాను. అది తనంతట తానే నడిచి వెళ్లి, తల ఆయన భుజం మీద వాల్చింది. కింది పెదవి వేలాడింది.

బాబాయ్ కదల్లేదు, చేతులు ముందుకి తేలేదు. "నువ్వు తుడవమ్మా," అన్నాడు నాతో.

నేను వెళ్లి ఆయన కళ్లు తుడిచాను.