తాళంచెవి లేని సలహాల పెట్టె

నేను ఒక సలహాల పెట్టెను. డిగ్రీ కాలేజీ లైబ్రరీ గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంటాను. విరిగిన బీరువా తలుపు కోసి నన్ను చేసిన వడ్రంగి వీరాచారి, నోరు సన్నగా, పొట్ట పెద్దగా పెట్టాడు. ఎంతైనా మింగాలి, ఒక్క మాటా బయటికి రాకూడదు. ఈ కాలేజీ సంగతి అతనికి ముందే తెలిసినట్టుంది.

ముగ్గురు లైబ్రేరియన్లను చూశాను. మొదటాయన నా తాళంచెవి పోగొట్టారు. రెండో ఆయన వెతికిస్తానన్నారు, వెతికిస్తూనే రిటైరయ్యారు. మూడో ఆవిడ హైమావతి మేడమ్. ఎదుటివాళ్ల మనసెరిగి మసలుకోవడం మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి సరిగ్గా నా నెత్తిమీదే తగిలించారు. మేకు కొడుతుంటే నా కీళ్లన్నీ కదిలిపోయాయి. నా మనసు సంగతి ఎవరికి కావాలి?

ఆ మర్నాడే రమీజా వచ్చింది. ఫైనలియర్ పిల్ల, ఎమ్మెస్సీ ఎంట్రెన్సుకి చదవాలి. రిఫరెన్సు పుస్తకాలేమో నాలుగు కొడితేగానీ చేతికివ్వరు. వాళ్ల ఊరి బస్సు నాలుగుంబావుకి, అది తప్పితే మళ్లీ రేపే. భోజనాల వేళ ఒక్క గంట చదువుకోనివ్వమని అడిగింది. మేడమ్ కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

"రూలంటే రూలేనమ్మా. ఏదన్నా ఉంటే రాసి ఆ పెట్టెలో వెయ్యి."

పిచ్చిపిల్ల, నమ్మింది. వారం వారం రాసి వేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. పైగా ఆ శంఖం నా కడుపులో.

అంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. అలాంటప్పుడు స్టాఫే కూర్చుని 'సేవలు అమోఘం' అని చీటీలు రాసి నాలో వెయ్యడం ఇక్కడి ఆనవాయితీ. తాళంచెవి లేదు కదా, పాతవాటి మీదే కుక్కారు. ఈసారి కమిటీ పెద్దాయన పెట్టె తెరవమంటారని ఎవరూ అనుకోలేదు.

అటెండరు సుత్తితో తాళం పగలగొట్టాడు. పొగడ్తలన్నీ తీసేశాక మిగిలినవి పదకొండు చీటీలు, ఒకటే చేతిరాత. పెద్దాయన పైదాన్ని చదివారు: "ఎంట్రెన్సు అయిపోయింది మేడమ్. ఇక చీటీలు వెయ్యను. ఇన్నాళ్లూ విసిగించినందుకు క్షమించండి. రమీజా."

చదివి, 'సలహాల సేకరణ భేష్' అని రాసుకుని భోజనానికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. మేడమ్ మాత్రం కదల్లేదు. పదకొండూ చదివారు, ఆ పిల్ల మొట్టమొదట వేసినదాన్ని రెండుసార్లు. ఆ తర్వాత లేచి సర్టిఫికెట్ దించి బీరువాలో పెట్టేశారు.

నెల తర్వాత టీసీకి లైబ్రరీ సంతకం కావాలని రమీజా వచ్చింది. సీటు రాలేదని మొహమే చెబుతోంది. మేడమ్ కుర్చీలోంచి లేచారు.

"తప్పు నాదేనమ్మా. ఇప్పుడు నీకేం చెయ్యగలను?"

"నాకేం వద్దు మేడమ్. మా చెల్లి ఇక్కడే చేరుతోంది. దానిదీ ఆ బస్సే."

ఇప్పుడు పన్నెండున్నరకే రిఫరెన్సు గది తెరుస్తున్నారు. నాకు కొత్త తాళం వెయ్యలేదు, రోజూ సాయంత్రం మేడమే మూత ఎత్తి చూస్తారు. చాలాసార్లు ఏమీ ఉండదు. నాలుగుంబావుకి బస్సు హారన్ వినబడితే మాత్రం ఆవిడ ఎంత పనిలో ఉన్నా తలెత్తుతారు.