కాస్పరప్ప తోకలో దుర్గమ్మ దారం

గాంధీనగర్‌లో అంజినప్ప ఇంట్లో సోఫాకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఆ పొద్దు తీసినారు. కొన్నప్పటినుంచి దాన్ని తీసిందే లేదు. కూతురి నిశ్చితార్థానికి తీద్దామని పెట్టుకున్న కవరు, కూతురి గుర్రానికి తీయాల్సొచ్చింది.

కూతురి పేరు రక్షిత. జర్మనీలో ఉండాది. చదువుకు పోలేదు, ఉద్యోగానికి పోలేదు, గుర్రానికి పోయింది. కూరెకుప్ప కాడ ఒగ గనుల సావుకారి సరదాకని గుర్రాలు పెట్టుకోనుంటే, ఆడ సవారీ నేర్చుకుని, ఆయన ఖర్చు మీదే అంత దూరం పోయింది. ఆడ బ్రాంట్ అని ఒగ కోచ్. ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లు పతకాలు తెచ్చింది అందురూ చూసినారు గాని, ఆయన నగింది మాత్రం ఎవురూ చూడలేదంట.

ఆ విద్య పేరు డ్రెస్సాజ్. గుర్రాన్ని లెక్క ప్రకారం నడిపించల్ల, అడ్డంగా నడిపించల్ల, ఉన్నచోటనే పరిగెత్తించల్ల. పైన కూసున్నోళ్లు మాత్రం ఏమీ చేయనట్ల మొకం పెట్టల్ల. ఈ చివరి దాంట్లో అంజినప్పకు కూడా మంచి అనుభవముండాది. ఆయన సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటు.

ఆ సాయంత్రం రక్షితకు పోటీ. అరవై ఆరు పర్సెంటు వస్తే బ్రాంట్ ఇంగొగేడాది నేర్పిస్తాడు. రాకుంటే కాస్పర్ అనే ఆ గుర్రాన్ని వేరే పిల్లకిచ్చి, రక్షితను ఊరికి పంపిస్తాడు.

"అరవై ఆరా? నూటికా?" అన్నాడు పక్కింటి చిదానంద, బొరుగుల ఒగ్గరణి ప్లేటు అందుకుంటా.

"నూటికే."

"మా పిల్లోనికి పరీక్షలో తొంభై ఏడొచ్చినప్పుడు, ఆ మూడు యాడ పోయినాయని మా ఇంట్లో పొయ్యి ఎలిగించలేదప్పా."

"దీంట్లో డెబ్బై వస్తే ప్రపంచ పోటీల్లో నిలబడొచ్చంట, చిదానందా."

"అట్లనా? మంచి సులువైన ప్రపంచమే," అని మిరపకాయ బజ్జీ కొరికినాడు.

చూడను వచ్చిన ఇరుగుపొరుగోళ్లంతా కూసున్నాక, అంజినప్ప ఫోన్లో వచ్చే బొమ్మను టీవీకి తగిలించినారు. తెల్లకంచె నడుమ ఇసుక మైదానం. చుట్టూ కుర్చీల్లో జనం, చప్పుడు లేదు.

"ఏమప్పా, సచ్చినోళ్లకు మన్ను చెయ్యను వచ్చినట్ల కూసున్నారు అందురూ!" అన్నాడు చిదానంద. " మా తమ్ముని పెండ్లిలో గుర్రం ఎగిరింది చూడు. బ్యాండోళ్లు అలిసిపోయినారు గాని అది అలవలేదు."

అంజినప్ప భార్య నేత్రావతి టీవీకి ఆనుకున్నట్ల కూసోని, కంచె అవతల వంతు కోసం తిరుగుతాండే కాస్పర్‌ను ఎనక నుంచే చూస్తాండాది. "రీ, వీళ్లు తోక సరిగా చూపించరేం?" అని మొగున్ని అడిగింది.

"తోకెందుకు?"

"సుమ్నే, ఊరికే."

నేత్రావతి 'సుమ్నే' అన్నప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒగటి జరిగిపోయుంటాది. పోయినసారి అట్ల అన్నాక ఇంటికి కొత్త ఫ్రిజ్జొచ్చింది. అంజినప్ప ప్లేటు కింద పెట్టినాడు.

పోయిన నెల రక్షిత వచ్చిపోయేటప్పుడు నేత్రావతి దుర్గమ్మ గుడిలో పూజ చేయించిన ఎర్రపూస నల్లదారం ఇచ్చి పంపింది. కాస్పరప్ప కాలికి కట్టమని; ఆమెకు కాస్పర్ ఎప్పుడూ కాస్పరప్పే. గుర్రానికి దిష్టి తగిలితే కూతురికి తగిలినట్లే గదా. రక్షిత తండ్రిని పక్కకు పిలిచింది. "నాన్నా, గుర్రానికి పువ్వు గాని రిబ్బను గాని దారం గాని, ఏం కట్టినా పోటీలోనుంచి తీసేస్తారు. నేను చెప్తే అమ్మ ఏడుస్తాది. నువ్వు చెప్పు."

అంజినప్ప చెప్తాననినాడు. తరవాత కూతురికి "చెప్పినా" అన్నాడు. భార్యకు "కడ్తానందిలే" అన్నాడు. ఇద్దరికీ నిమ్మళం. పెండ్లయినప్పటినుంచి ఆ ఇంట్లో శాంతి ఈ పద్ధతిలోనే నిలబడింది.

"నేత్రా," అన్నాడు గొంతు తగ్గించి, "తోకలో ఏముండాది?"

"మెల్లగా! దిష్టి దారం బయటికి చెప్పకూడదు. పాప పంపిన ఫోటోల్లో కాలికి కనపడలేదు, మరిచిపోయుంటాదని ఇలోనాకు చెప్పినా."

ఇలోనా అంటే లాయంలో కాస్పర్‌ను తోమి మాలీసు చేసే పిల్ల. ఆ పిల్లకు తెలుగు రాదు, నేత్రావతికి జర్మనీ భాష రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతే. అయినా వీడియో కాల్లో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో రక్షితకు గూడా తెలీదు.

"పాప స్నానానికి పొయినప్పుడు చెప్పినా. దారం పాప పెట్టెలో యాడ పెట్టి పంపినానో సైగ చేసి చెప్పినా, తోక ఎంట్రుకల్లో ఎట్ల దాచల్లో నా జడలో పెట్టి చూపించినా. బంగారమట్లా పిల్ల, ఒగేసారికి అర్థం చేసుకునింది."

అంజినప్ప నేత్రావతి ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తినాడు. రక్షిత ఫోను ఆపేసి ఉండాది. ఇలోనాకు వీడియో కాల్ కొట్టినాడు. ఎత్తింది.

"తిన్నావా?" అనింది ఇలోనా, నగుతా. నేత్రావతి దగ్గర ఆ పిల్ల నేర్చుకున్న తెలుగు అంతే.

"నో థ్రెడ్! టెయిల్! థ్రెడ్, టెయిల్, నో!"

ఇలోనా నిండుగా నగి, బొటనేలు పైకెత్తి చూపించి, ఫోను పెట్టేసింది. ఆ బొటనేలు దారం తీసేసినాననా, గట్టిగా కట్టినాననా?

లోపలినుంచి నేత్రావతి అరిచింది, "రీ! పాపొచ్చింది!"

తెర మీద రక్షిత. నల్లకోటు, ఎత్తు టోపీ. గుర్రాన్ని మైదానం నడుమ నిలబెట్టి, తల వంచి దండం పెట్టింది. జడ్జీలు తలూపినారు. అక్కడినుంచి అంజినప్ప కూతురిని చూడలేదు. తోకనే చూసినాడు. అది అడుగడుక్కీ ఊగుతాండాది. గుర్రం తిరిగినప్పుడల్లా ఆయన గూడా సోఫాలో తిరిగినాడు. దుర్గమ్మకు మొక్కుకున్నాడు. 'తల్లీ, నీ దారం ఆడ లేకుండా చెయ్యి.' ఇట్లాంటి మొక్కు ఆయమ్మ దగ్గరికి ఎప్పుడన్నా పోయుంటాదో లేదో.

తెర మూలన మార్కులు మారతా ఉండాయి. అరవై ఏడు. ఉన్నచోటనే పరిగెత్తల్సిన దగ్గర కాస్పర్ రెండడుగులు ముందరికి పడినాడు. అరవై నాలుగు.

"సెకండు క్లాసుకు దిగేటట్లుండాది," అన్నాడు చిదానంద.

చేతిలో బజ్జీలు చేతిలోనే ఉండాయి. రక్షిత మొకంలో ఏమీ లేదు, నడుము మాత్రం ఇంగా నిటారయింది. కాస్పర్ మైదానం ఈ మూలనుంచి ఆ మూలకు తేలిపోతా వచ్చినాడు. అరవై ఐదు. అరవై ఆరు. మల్లా దండం పెట్టేసరికి అరవై ఎనిమిది.

రక్షిత గుర్రం మెడ మీద వాలిపోయింది. నేత్రావతి చీరకొంగు మొకానికి పెట్టుకునింది. అందురూ చప్పట్లు కొట్టినారు. అంజినప్ప లేవలేదు. బయటికి పొయ్యే గుర్రాన్ని పైనుంచి కింద దాకా తనిఖీ చేస్తారని ఆయనకు తెలుసు.

గ్లౌజులు తొడుక్కున్న ఒగామె గుర్రం నోరు చూసింది. కడుపు కింద చూసింది. కాళ్లు తడిమింది. తోక దగ్గరికొచ్చింది.

"ఎంత ముద్దుగా నిమురుతాండాదో చూడండి," అనింది నేత్రావతి.

"దారం దొరికితే పాపను తీసేస్తారు," అన్నాడు అంజినప్ప. మాట ఆయన్ను అడక్కుండానే బయటికొచ్చింది.

"ఎవురు చెప్పినారు?"

"పాప."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

టీవీలో ఒగ తనిఖీ, ఇంట్లో ఒగ తనిఖీ, ఒగేసారి జరుగుతాండాయి. టీవీలో ఆమె తోక ఎత్తింది, ఎంట్రుకలు పాయలు తీసి చూసింది, వదిలేసింది. పోవచ్చని చెయ్యి ఊపింది.

అంజినప్ప ఊపిరి పీల్చుకునేలోపల తెర మీదికి బ్రాంట్ వచ్చినాడు. మొకంలో నగు లేదు. కాస్పర్ మెడ తట్టను చెయ్యెత్తితే కోటు చెయ్యి జారింది. మణికట్టుకు నల్లదారం. ఎర్రపూస.

నేత్రావతి నోటి మీద చెయ్యి పెట్టుకునింది.

కొంచేపటికి అంజినప్ప చేతిలో ఫోను మోగింది. స్పీకర్లో పెట్టినారు.

"నాన్నా! ఇంగొగేడాది ఉండమన్నాడు!" అనింది రక్షిత. "పొద్దున తోకలో దారం చూసి, ఊడబెరికి, లాయమంతా అదిరేటట్ల తిట్టినాడు. ఏందిది అంటే దిష్టికని చెప్పినా. జేబులో ఏసుకున్నాడు. లోపలికి పొయ్యేముందర చూస్తే చేతికి కట్టుకోనుండాడు. అడిగే ధైర్యం ఎవురికుంటాది? ...నాన్నా, అమ్మకు చెప్పినా అంటివే?"

అంజినప్ప కాస్పర్ మాదిరి ఉన్నచోటనే పరిగెత్తినాడు.

నేత్రావతి ఫోను లాక్కునింది. "పాపా, ఆ సారు ఎడమచేతికి కట్టుకున్నాడు. మొగోళ్లు కుడిచేతికి కట్టుకోవల్లని చెప్పు. చెప్పి మార్పించు."

చిదానంద ప్లేటు పెట్టేసి లేచినాడు. పోతాపోతా అంజినప్ప భుజం తట్టినాడు. "అరవై ఎనిమిదికి బేజారు పడద్దప్పా. మల్లా రాయచ్చు."

అందురూ పోయినాక నేత్రావతి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. "లెయ్యండి. ఆ కొస పట్టుకోండి. పట్టుకుని, పోయిన నెల ఏం జరిగిందో మొదటినుంచి చెప్పండి."

అంజినప్ప ఏమీ చేయనట్ల మొకం పెట్టి, కొస పట్టుకున్నాడు.