గంజిపొడి పూసుకున్న మొహాలు

గేటు దగ్గర కొత్తగా పెట్టిన, మొహం చూసి హాజరు వేసే మిషను మూడోరోజు కూడా పెద్దమ్మను చూసి "ముఖం లేదు" అంది. ఆవిడ వెనకే నిలబడి నేను కళ్ళారా చూశాను. నా వంతు రాగానే పచ్చలైటు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మాది ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ. నలభై మంది ఆడవాళ్ళం. మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆవిరి డ్రమ్ము దగ్గర పనిచేస్తోంది. ఏ మరక ఏ నీళ్ళకి పోతుందో చూడగానే చెప్పేస్తుంది. అలాంటి మనిషికి ముఖం ఉందని ఓ డబ్బా ఒప్పుకుంటేనే హాజరట! ఆవిడతో కలిపి నల్లగా ఉన్న పదహారు మందికీ రోజూ ఇదే అవస్థ. మిగతా పదిహేను మందికి పదిసార్లు నిలబడితే ఒకసారైనా పడేది, ఆవిడకి అదీ లేదు. నాలాంటి తెల్లతోలు వాళ్ళకి మాత్రం టక్కున తలుపు తెరుచుకునేది. వరసగా నాలుగు రోజులు హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు.

కాళ్ళావేళ్ళా పడితే కంట్రాక్టరు కసిరాడు. "మిషనుకి పక్షపాతం ఉంటుందా? సరిగ్గా నిలబడ్డం నేర్చుకోండి."

నాలుగోరోజు పెద్దమ్మ, దుప్పట్లకు పెట్టే గంజిపొడి మొహానికి దట్టంగా పూసుకుంది. ఆ పిచ్చి ఉపాయం నాదే. పచ్చలైటు వెలిగింది! మా తెలివికి మేమే మురిసిపోయాం. డ్రమ్ము మూత ఎత్తగానే మొహం మీదికి కమ్మే ఆవిరి సంగతి ఒక్కరికీ తట్టలేదు. సాయంత్రానికి గంజి చెమటతో కలిసి చారలు చారలుగా కారింది. బయటికి పోయేటప్పుడూ ముఖం చూపించాలి. మిషను మళ్ళీ "ముఖం లేదు" అంది. వెళ్ళినట్టు పడకపోతే వచ్చినట్టు కూడా కాదట. పేరు కొట్టేశారు.

"ఇంట్లో మంచంపట్టిన మనిషున్నాడే. ఆయనకి ఏమని చెప్పను? నాకు మొహం లేదన్నారని చెప్పనా?" అంటూ పెద్దమ్మ మెట్ల మీద కూలబడింది. ఆవిడ మొహం మీది గంజి చారలు నా కొంగుతో తుడిచాను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మను వెంటపెట్టుకుని, మిషను పెట్టిన ఇంజినీరును గేటు దగ్గర చుట్టుముట్టాం.

"మా ఆఫీసులో అందరి మీదా పరీక్ష చేశామమ్మా. బాగానే పనిచేసింది" అన్నాడతను.

"మీ ఆఫీసులో మాలాంటి రంగు వాళ్ళు ఎంతమంది బాబూ?" అని ఇస్త్రీ చేసే వదిన అడిగింది.

అతను చూపు మిషను మీదికి తిప్పుకున్నాడు. వదిన వదల్లేదు.

"అంటే మమ్మల్ని దానికి చూపించనే లేదు! చూడనిది ఎలా నేర్చుకుంటుంది? మమ్మల్ని మనుషుల్లోంచి తీసేసింది మీరేనయ్యా!"

"మార్చాలంటే టైం పడుతుందమ్మా..."

"ఆవిడ పేరు కొట్టెయ్యడానికి పట్టలేదే!" అన్నాను నేను.

కంట్రాక్టరు నా మీద విరుచుకుపడ్డాడు. "నీకేం నొప్పే? నీ లైటు వెలుగుతుందిగా. పో లోపలికి!"

లైటు వెలిగింది, తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్ళూ తలవంచుకుని దూరిన తలుపే. మా ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. అయినా వెనక్కి జరిగాను. నా వెనకామె కూడా జరిగింది. ఒక్కొక్కరికీ లైటు వెలుగుతోంది, ఒక్కరూ లోపలికి పోవడం లేదు. మాసిన దుప్పట్ల బళ్ళు గేటు బయట బారులు తీరాయి.

మధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై, పాత నేరస్తుల ఫొటోలతో మొహం పోల్చిచూసే తన ఫోను పెద్దమ్మ మొహానికి ఎదురుపెట్టాడు. అది టింగుమంది.

"పాత దొంగతనం కేసు. ఎక్కించండి దీన్ని."

ఫోనులో ఉన్నది ఎవరో పాతికేళ్ళ పిల్ల. పెద్దమ్మతో ఆ పిల్లకు రంగు తప్ప ఇంకే పోలికా లేదు.

"అయ్యా, ఆ పిల్లది నా కూతురు వయసు! నేను కాదయ్యా!"

"మిషను అబద్ధం చెప్పదు."

నా ఒళ్ళు మండిపోయింది. "పనికొస్తే కనబడని మొహం జైలుకైతే ఎలా కనబడిందిరా?" అని అరిచాను. పోలీసును 'రా' అనడం నా బతుకులో అదే మొదటిసారి.

పెద్దమ్మను ఈడ్చి ఎక్కించారు. వ్యానుకు అడ్డంగా కూర్చున్నాం. "అందరి ఫొటోలూ తీసి లోపలేస్తా!" అని ఎస్సై ఫోను ఎత్తాడు.

"తియ్యి" అంటూ నల్లగా ఉన్న ఆ పదిహేను మందీ మాకంటే ముందుకొచ్చి కూర్చున్నారు. ఒక్కతీ మొహం తిప్పుకోలేదు.

పక్క సీసాల ఫ్యాక్టరీ వాళ్ళు పని ఆపి గోడెక్కి చూస్తున్నారు. వాళ్ళ గేటుకీ సోమవారం నుంచి ఇదే మిషను వస్తోందట. ముందు ఒకడు గోడ దూకాడు. తర్వాత ఇద్దరు. చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది, వ్యాను డ్రైవరు ఇంజను ఆపేశాడు.