సింహం కాదమ్మా

ముతింతా తెడ్డు చేతబట్టిందంటే చోమా ఊరి చుట్టుపక్కల కోళ్లన్నీ గుడ్లు పెట్టడం వాయిదా వేసుకునేవి. అది సంకటి కెలకడానికి కొన్న తెడ్డే. కానీ దానికి సంకటి కంటే ఆరేళ్ల కొడుకు చోల్వే వీపే ఎక్కువ పరిచయం. అందుకే వాడు అబద్ధాల్లో ఆరితేరాడు. కుండ ఎవరు పగలగొట్టారంటే రెప్ప వేయకుండా "సింహం" అనేవాడు.

పోయిన ఆదివారం చర్చిలో ఆసుపత్రి నర్సమ్మ ఆడవాళ్లందరికీ చెప్పింది: పిల్లాడి ఎత్తుకు దిగి కూర్చోండి, మెల్లగా అడగండి, చెయ్యెత్తకండి. ముతింతా అందరి ముందూ మాటిచ్చి ఇంటికొచ్చింది.

"మాటిచ్చావా! మీ ఆయన్ని నేను తెడ్డుతోనే మనిషిని చేశానే, చోల్వేవాళ్లమ్మా," అంది అత్తగారు.

"అందుకేగా అత్తా, ఆయన ఇప్పటికీ సంకటి వాసనొస్తే వీపు తడుముకుంటాడు."

ఇవాళ మధ్యాహ్నం సంకటి ఉడుకుతుండగా మూడేళ్ల కూతురు లుయాండో కనిపించలేదు. చెల్లిని చూసుకోమని చెప్పింది చోల్వేకే. వాడేమో వాకిట్లో తడిసిన కోడిలా ఒంటరిగా నిలబడ్డాడు.

"చెల్లేదిరా?"

"సింహం..."

ముతింతా చెయ్యి తెడ్డుతో సహా పైకి లేచింది. ఇంటి వెనక బావికి గోడ లేదు. అది గుర్తొచ్చి ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. ఉరికి వెళ్లి తొంగి చూసింది. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. వాటిని చూసి ఏమీ చెప్పలేం.

వెనక్కొచ్చేసరికి చోల్వే కళ్లు బిగించి, వీపు తిప్పి సిద్ధంగా ఉన్నాడు. వాడి నోరు కూడా బిగుసుకునే ఉంది. దెబ్బ పడితే ఆ నోరు పొద్దుగూకేదాకా తెరుచుకోదని ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ తెడ్డు వాడికి నేర్పిన చదువు అదొక్కటే.

తెడ్డు అత్తగారి చేతిలో పెట్టి దుమ్ములో చతికిలబడింది.

"ఇటు చూడు నాన్నా. కొట్టను. నాకు చాలా భయమేస్తోంది. చెల్లెక్కడుందో నీకొక్కడికే తెలుసు."

చోల్వే ఒక కన్ను తెరిచి తెడ్డు కోసం వెతికాడు. అది సంకట్లో ఉంది. అప్పుడు రెండో కన్నూ తెరిచాడు.

"గాదెలో పెట్టానమ్మా. బంతాటకి అడ్డమొస్తోందని. దిగి బావి దగ్గరికి పోతుందేమోనని నిచ్చెన తీసేశా."

ఉడికిపోతున్న గాదెలోంచి లుయాండోని దించారు. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది, ఒళ్లంతా చెమట. దించగానే ఊరి వాగు ఎండిపోయేంత నీళ్లు తాగింది.

"బావి సంగతి తలుచుకున్నావు చూడు, అది మంచిపని," అంది ముతింతా. "కానీ గాదెలో ఊపిరాడదు. ఈసారి ఆడుకోవాలంటే చెల్లిని తెచ్చి నాకప్పజెప్పు. ఇప్పుడు నిచ్చెన దాని చోట పెట్టి, దీనికి విసనకర్రతో విసురు."

చోల్వే విసిరిన విసురుకి పక్కింటి గడ్డి కప్పు సగం లేచింది.

"ఒక్కటంటే ఒక్క దెబ్బ కూడా లేదా?" అత్తగారు నిరాశగా అంది. "సంకటి మాడింది. పోనీ నన్నైనా తిట్టవే."

బావి మీదకి ఆ సాయంత్రమే చెక్కల మూత వచ్చింది.

మర్నాడు పొద్దున్నే చోల్వే వచ్చి తల్లి కొంగు లాగాడు.

"అమ్మా, కాస్త కూర్చుంటావా?"

ముతింతా చుట్టూ చూసింది. మేకలు ఉన్నాయి, లుయాండో ఉంది, ఇంటి కప్పు ఉంది, అత్తగారు కూడా ఉంది. గోడ మేకుకి వేలాడే తెడ్డు మాత్రం లేదు.

ఊపిరి బిగబట్టి కింద కూర్చుంది.

"సింహం కాదమ్మా," అన్నాడు వాడు. "నేనే."