మీటరు మనిషి

పళ్ళ డాక్టరు ఇంటి మేడ మీద ఆదివారం మధ్యాహ్నం పరదాలు దించారంటే, కింద క్లినిక్ గుమ్మంలో ఎవరు దవడ పట్టుకుని మూలుగుతున్నా తలుపు తీసే నాథుడుండడు. పైన గోడ మీద పాత సినిమాలు నడుస్తుంటాయి. అవీ అన్ని రకాలు కావు. ఒక పక్క భయపెడుతూ ఇంకో పక్క నవ్వించే దయ్యాల సినిమాలే. మిగతావన్నీ పంటికి పట్టని తిండి అని డాక్టరు నమ్మకం.

చూసేవాళ్ళు నలుగురు. డాక్టరు, ఎదురింటి లెక్కల మాస్టారు, కుర్చీలూ షామియానాలూ అద్దెకిచ్చే దుకాణం బావ, ఆ బావకి బావమరిది. బావమరిది కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీస్తాడు. ఇంటి ముందు గదిలోనే అతని చక్రం, అతని దుకాణం. తల్లి పోయాక అతను తిండి సరిగ్గా తినడం లేదని అక్క బాధపడుతుంటే బావే ఓ ఆదివారం చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకొచ్చాడు.

ఆ రోజు వేసిన సినిమా 'శవానికి జలుబు'. తెల్ల దుప్పటి కింద పడుకున్న పెద్దమనిషి, చుట్టూ ఆస్తి కోసం ఏడుస్తున్న చుట్టాలు. ఉన్నట్టుండి దుప్పటి కింద నుంచి తుమ్ము. అంతే, బావమరిది కుర్చీలోంచి ఎగిరాడు. చేతిలో టీ మాస్టారి ఒళ్ళో పడింది. ఆ వెంటనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల్లి పోయాక అతను నవ్వడం అదే మొదలు.

డాక్టరు లైటు వేసి అతన్ని ఎగాదిగా చూశాడు.

"మాస్టారూ, మనం అనవసరంగా గొంతులు చించుకుంటున్నాం. ఏ సినిమా ఎంత గొప్పదో ఈయన మొహంలో తెలిసిపోతోంది. ఈయన మీటరండీ."

ఆ పేరు అతుక్కుపోయింది. మాస్టారు భయానికి పది, నవ్వుకి పది, రెండూ ఒక్క క్షణంలో పుట్టిస్తే ఇంకో పది మార్కులు పెట్టేవాడు. అన్నీ మీటరు మొహం చూసే. అతనికి అందరికంటే ముందు కుర్చీ వేశారు, గోడ మీది వెలుతురు తిన్నగా మొహం మీద పడేటట్టు. అది మర్యాద అనుకున్నాడతను. వారమంతా చక్రం ముందు ఒంటరిగా కూర్చునే మనిషికి, ముగ్గురు చదువుకున్నవాళ్ళు తన మాట కోసం చూస్తున్నారంటే అంతకంటే ఏం కావాలి? ఆదివారం వస్తోందంటే శనివారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

చివరికి పోటీ రెండు సినిమాల దగ్గర ఆగింది.

"'పై వాటాలో ఎవరో'కి సాటి లేదు," అనేవాడు డాక్టరు. "ఇంటావిడ కిటికీ దగ్గర కుర్చీలో అటు తిరిగి కూర్చునుంటుంది. అద్దెకొచ్చినవాడు ఆవిడతో తన కష్టాలన్నీ చెప్పుకుంటాడు. ఆవిడ పోయిందని మనకి తెలుసు, వాడికి తెలీదు. అక్కడ నవ్వాలా, వణకాలా? అదీ కళంటే."

"నాకైతే నిద్రొచ్చింది," అనేవాడు మాస్టారు. "ఆ నస అంతా ఎందుకండీ? 'శవానికి జలుబు'లో ఒక్క తుమ్ము. ఒక్క తుమ్ముతో పని అయిపోయింది. పొదుపంటే అది."

"తుమ్ముతో ఎవడైనా భయపెడతాడు. మా క్లినిక్‌లో నేను సూది చూపించినా భయపడతారు."

"మీరు నవ్వించలేరుగా మరి."

బావ ఇద్దరికీ తలూపేవాడు. ఏ ఎండకా గొడుగు పట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

మీటరుని అడుగుదామన్నారు. రెండూ మళ్ళీ వేశారు. కానీ మనిషి అప్పటికి ఆ సినిమాలు ఎన్నిసార్లు చూశాడో. తుమ్ము వచ్చేముందే చిన్నగా నవ్వుతున్నాడు. ఇంటావిడ తల తిరిగేటప్పటికి పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"ముల్లు కదలడం లేదు," అన్నాడు మాస్టారు పెదవి విరిచి.

అతనికి తల కొట్టేసినట్టయింది. తన వల్ల వాళ్ళ పని చెడిందనుకున్నాడు. మరుసటి ఆదివారం తుమ్ముకి సరిగ్గా సమయం చూసుకుని కుర్చీలో ఎగిరాడు, అమ్మో అని కూడా అన్నాడు.

"నటిస్తున్నాడండీ," అన్నాడు మాస్టారు, అతను అక్కడ లేనట్టే.

"పాడైతే బాగుచేయించుకోవాలి గానీ పారేసుకుంటామా?" అన్నాడు డాక్టరు. ముగ్గురూ నవ్వారు. ఎందుకైనా మంచిదని అతనూ నవ్వాడు.

బాగుచేసే ఉపాయం బావ చెప్పాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

అతని తల్లి చివరి రోజుల్లో మంచం దిగలేదు. వెనక గదిలోంచి ఏదో ఒకదానికి పిలుస్తూనే ఉండేది. ఫ్యాను వెయ్యమని, వేస్తే ఆపమని, ఊరికే ఉన్నావా అని. చక్రం ఆపి వెళ్ళడం, తిరిగి వచ్చి మొదలుపెట్టడం, రోజంతా ఇదే. ఒక రోజు చేతిలో అద్దం సగంలో ఉంది. వదిలితే గీత పడుతుంది. లోపల నుంచి పిలిచింది. "వస్తున్నానమ్మా" అన్నాడు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే మాట అన్నాడు. ఇంకోసారి పిలిచింది, ఆ తర్వాత ఊరుకుంది. ఊరుకుంది కదా అని అద్దం పూర్తిచేసి వెళ్ళాడు. నీళ్ళ గ్లాసు కింద పడి ఉంది. ఆమె చెయ్యి గ్లాసు కోసం చాచినట్టే మంచం అంచు మీద నుంచి వేలాడుతోంది.

నిద్రలో పోయిందని అక్కకి చెప్పాడు. నిజం ఒక్క బావకే చెప్పాడు, అదీ ఓ సాయంత్రం దుకాణంలో మడత కుర్చీల చాటున కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తూ. బావ వీపు నిమిరి, "ఊరుకోరా, నా కడుపులోనే ఉంటుంది," అన్నాడు.

బావకి ఇంకో విద్య కూడా ఉంది. అత్తగారి గొంతు అచ్చుగుద్దినట్టు అనుకరిస్తాడు. ఆమె బతికుండగా ఆమె ఎదుటే చేస్తే, ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ ఆదివారం అతను మెట్లెక్కి వచ్చేసరికి గదిలో ఎవరూ కనబడలేదు. గోడ మీద 'పై వాటాలో ఎవరో' శబ్దం లేకుండా నడుస్తోంది. కిటికీ దగ్గర వీపు ఎత్తుగా ఉన్న కుర్చీలో ఎవరో అటు తిరిగి కూర్చున్నారు. తల మీదుగా బూడిదరంగు శాలువా. అంచు దగ్గర నీలం దారంతో వేసిన అతుకు. తల్లి శాలువాకి ఆ అతుకు వేసింది తనే.

"ఎన్నిసార్లు పిలవాలిరా నిన్ను," అంది శాలువా.

పెద్ద పరదా వెనక డాక్టరు ఊపిరి బిగబట్టాడు. పక్కన మాస్టారు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు మెట్ల మీద దొర్లుకుంటూ పరిగెడతాడు అని చూస్తున్నారు.

అతను అరవలేదు. చెప్పులు విడిచాడు. నడిచి వెళ్ళి కుర్చీ వెనక నేల మీద కూర్చున్నాడు.

"వచ్చానమ్మా," అన్నాడు. "అద్దం సగంలో ఉందమ్మా. అది పూర్తిచేసి వద్దామనుకున్నా. విన్నాను. మూడుసార్లూ విన్నాను. మూడోసారి వినలేదని నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ, విన్నాను. ఊరికే పిలుస్తున్నావనుకున్నా. విసుగేసిందమ్మా నాకు. ఆ ఒక్కసారే విసుగేసింది."

కుర్చీలో ఉన్న బావ మానేద్దామా అన్నట్టు పరదా వైపు చూశాడు. డాక్టరు పరదా సందులోంచి వేళ్ళు తిప్పాడు, కానివ్వమని. బావ మళ్ళీ అత్తగారి గొంతుతోనే అన్నాడు.

"దాహంగా ఉందిరా."

అతను లేచి పరిగెత్తాడు. మూల బల్ల మీద కూజా ఉంది, గ్లాసు ఉంది. నీళ్ళు సగం బల్ల మీదే పోశాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కుర్చీ ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మంచం మీద తల్లికి పట్టినట్టే ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి, రెండో చేత్తో గ్లాసు పెదవులకి ఆనించాడు.

చేతికి మీసం తగిలింది.

అప్పుడు అతను పెట్టిన మొహం చూసి పరదా వెనక ఇద్దరూ ఆగలేకపోయారు. డాక్టరు పొట్ట పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు. మాస్టారు ఫోను జారవిడిచాడు. బావ శాలువా తీసేసి, గడ్డం మీద నీళ్ళు తుడుచుకుంటూ, "ఏమనుకోకురా, వీళ్ళే బలవంతపెట్టారు," అని తనూ నవ్వాడు.

అందరూ నవ్వుతున్నారు. అతనికి కూడా నవ్వే వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు, గొంతులోంచి తోసుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"చూశారా, చూశారా," అన్నాడు డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ. "భయం, నవ్వు, రెండూ ఒక్క క్షణంలో. నా సీనే గెలిచింది. 'పై వాటాలో ఎవరో' మొదటి స్థానం."

"భయానికి నాలుగే ఇస్తాను," అన్నాడు మాస్టారు. "మనిషి అరవలేదు. ఏడుపుకి మార్కుల్లేవు మన దగ్గర."

వాదన మొదలైంది. టీ వచ్చింది. అతను తన కుర్చీలో కూర్చుని శాలువా మడతపెట్టుకున్నాడు. సినిమా ఆఖరి దాకా చూసే వెళ్ళాడు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. బావ కడుపులో మాట దాగదు, ఫోనులో బొమ్మ అసలే దాగదు. మాస్టారు పంపిన ఆ వీడియో ఇంట్లో భోజనాల దగ్గర పెళ్ళానికి చూపించాడు, ఆమె కూడా నవ్వుతుందని. మీసం దాకా ఆమె చూడనే లేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

తెల్లారి అక్క తమ్ముడి దుకాణానికి వచ్చింది. అతను చక్రం ఆపాడు.

"అమ్మ పిలిచిందా?" అంది.

అతను చేతిలో అద్దాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"నిన్నే అడుగుతున్నాను. పిలిచిందా?"

"పిలిచిందక్కా."

"నిద్రలో పోయిందన్నావు. ఎంత సుఖంగా పోయిందో అని అందరికీ చెప్పుకున్నాను నేను. చెప్పుకునే బతుకుతున్నాను."

"బావ అలా చేస్తాడనుకోలేదక్కా నేను."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. ఆయన వెధవ వేషం వేశాడు, అంతే. పిలిస్తే పలకనిది ఆయన కాదు." కుర్చీ మీదున్న శాలువా తీసుకుంది. "ఇది నీ దగ్గర ఉండక్కర్లేదు. ఇక మా ఇంటికి రాకు. నీ మొహం చూస్తే నాకు ఆ గ్లాసే కనబడుతుంది."

గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరగలేదు. బావతో రెండు రోజులు మాట్లాడలేదని, మూడో రోజు ఇద్దరూ కలిసి బజారుకెళ్ళారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ వారం అతను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరున్నారు? ఆదివారం వచ్చింది. వెళ్ళకూడదనుకున్నాడు. మధ్యాహ్నం దాకా చక్రం తిప్పాడు. ఆ తర్వాత చొక్కా మార్చుకున్నాడు.

మేడ మీద అతని కుర్చీలో క్లినిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కూర్చునుంది. ఫోన్లెత్తే పిల్ల. డాక్టరు రమ్మంటే కాదనలేక వచ్చినట్టుంది, చున్నీ కొస నలుపుకుంటోంది. ముగ్గురూ కుర్చీలు ఆమె మొహం కనబడేటట్టు జరుపుకున్నారు.

"నువ్విటు రావయ్యా," అన్నాడు డాక్టరు, పక్కన పీట చూపించి. "ఈ పిల్ల ఇలాంటి సినిమా ఒక్కటీ చూడలేదట. లిఫ్టులో లైటు ఆరిపోతేనే ఏడ్చేస్తుందట."

'శవానికి జలుబు' వేశారు. తెల్ల దుప్పటి కనబడగానే ఆమె పీట వైపు వంగి గుసగుసగా అడిగింది.

"అంకుల్, ఇప్పుడేమైనా వస్తుందా? మీరు చూశారుగా. వచ్చేటట్టుంటే చెప్పండి, కళ్ళు మూసుకుంటాను."

అతనికి ఆ తుమ్ము ఎక్కడ వస్తుందో తెలుసు. పెద్ద కోడలు ముక్కు చీదుతుంది, చిన్న కొడుకు గడియారం చూసుకుంటాడు, ఆ తర్వాతే. గోడ మీద కోడలు ముక్కు చీదింది. మాస్టారు ముందుకి వంగాడు. బావ అతని వైపు చూసి కన్ను గీటాడు.

"ఏం రాదమ్మా," అన్నాడతను. "బాగా చూడు."

గోడ మీద నుంచి చూపు తిప్పి, ముగ్గురితో పాటు తనూ ఆ పిల్ల మొహం వైపు తిరిగి కూర్చున్నాడు.