పక్కకి జరగని విండో

మా ఆయన ఆస్పత్రి కౌంటర్ల కోసం ఒక ప్రోగ్రాం రాశారు. ఏ రకం కంప్యూటర్‌లో తెరిచినా అచ్చు ఒకేలా కనిపించాలని ఆయన పట్టుదల. అందుకని విండో పైపట్టీ, దాని మీద మూసే గుర్తూ సొంతంగా గీసుకున్నారు.

"కోడలు అత్తవారింటి పద్ధతి నేర్చుకోవాలి గానీ, ప్రోగ్రాం నేర్చుకోకూడదా?" అన్నాను ఒకసారి. నవ్వేసి, పరీక్షించడానికి దాన్ని నా కంప్యూటర్‌లో పెట్టారు. ఆయనది వేరే రకం మరి.

ఆ మధ్యాహ్నం నాకు ఇంటర్వ్యూ. ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పెళ్లయ్యాక నన్నొకరు ఉద్యోగానికి పిలవడం అదే మొదలు. వీడియో కాల్ చేస్తామన్నారు. తల దువ్వుకుని, గోడ మీది మరక కనపడకుండా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

అంతలో ఆ ప్రోగ్రాం తనంతట తానే తెరుచుకుని తెరంతా ఆక్రమించింది. 'రోగి పేరు?' అని అడుగుతోంది. పైపట్టీ తెర అంచు దాటి ఎటో పోయింది, మూసే గుర్తూ దాంతోపాటే పోయింది. వెనకాల ఎక్కడో కాల్ మోగుతోంది.

"ఏవండీ!"

మా ఆయన పరుగెత్తుకొచ్చారు. తెర చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "కస్టమర్లు మొత్తుకుంటున్న తప్పు ఇదే! నాకెప్పుడూ దొరకలేదు. ముట్టుకోకు, ఫోటో తీసుకుంటా."

"ముందు దీన్ని మూయండి. అందుకేవో మీటలుంటాయిగా?"

"జనం పొరపాటున మూసేస్తున్నారని అవి పనిచేయకుండా చేశా."

"పోనీ, పక్కకి జరపండి."

"ఎప్పుడూ అన్నిటికన్నా పైనే ఉండేలా పెట్టా" అని నసిగారు.

అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూశారు. "తలుపు పెట్టకుండా ఇల్లు కట్టావట్రా?"

కంప్యూటర్ ఆపేస్తే అది మళ్లీ లేచేలోపు వాళ్లు కాల్ పెట్టేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోపంకొద్దీ రోగి పేరు దగ్గర మా ఆయన పేరు కొట్టాను. ఒక్క అక్షరమూ పడలేదు.

"ఆగాగు! నువ్వు కొట్టేవి వెనకున్న కాల్‌కి పోతున్నాయి. ఎంటర్ నొక్కు, కాల్ ఎత్తినట్టవుతుంది!"

నొక్కాను.

"నమస్కారమండీ, చక్కగా కనిపిస్తున్నారు" అంది ఒక ఆడగొంతు. నాకు మాత్రం రోగి పేరే కనిపిస్తోంది.

ఆవిడ తెర మీద ఒక పేరా పెట్టానని, దాన్ని దిద్దమని అన్నారు.

"చదివి వినిపిస్తారా? చెవికి తగిలే తప్పులు ముందు పట్టుకుంటాను" అన్నాను, తరతరాల పద్ధతి అన్నట్టు.

చదివారు. ఫలానా మాట రెండుసార్లు వచ్చిందన్నాను. చివరి వాక్యం మొదటిదాన్ని కాదంటోందన్నాను.

"మరి అక్షరదోషాలు?"

"అవి కాగితం మీద చూస్తే గానీ చెప్పనండీ."

"అయితే వచ్చే వారం ఆఫీసుకి రండి, కాగితమే ఇస్తాం. ఉంటానండీ" అన్నారు.

నమస్కారం పెట్టాను. చప్పుడు ఆగింది. కెమెరా పక్కన చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"కట్ అయిందా?" పెదాలు కదపకుండా అడిగాను.

"తెలీదు. నవ్వుతూ ఉండు" అన్నారు మా ఆయన, కుర్చీ వెనక నక్కి.

కంప్యూటర్ ఆపే మీట వైపు చెయ్యి జరిపాను.

"వద్దొద్దు, ఇంకా ఫోటో తీయలేదు."

కెమెరా ముందు మొగుణ్ణి తిట్టలేను కదా.

"అమ్మాయ్, పొయ్యి మీద పాలున్నాయి" అని గొణిగారు అత్తగారు, గుమ్మంలో బిగుసుకుపోయి.

"కదలకండి అత్తయ్యా, మీరూ కనిపిస్తున్నారు."

పాలు మాడిన వాసన గదిలోకి వచ్చింది. ముగ్గురమూ నవ్వుతూనే ఉన్నాం.