ఎవరూ గుర్తుపట్టలేదు

భర్త కోటు ఇస్త్రీ చేస్తూ, పతకం జేబు మీద పెట్టాలా, ఇంకొంచెం పైకా అని అడిగింది ఆమె. పైకే పెట్టమన్నాడు, దూరానికి కూడా కనపడాలట.

ఆ పతకం ఆమెది. పెళ్ళికి ముందు, యుద్ధంలో సైనిక ఆసుపత్రి నర్సుగా చేసినందుకు ఇచ్చారు. అతను ఆ రోజుల్లో యుద్ధానికి దూరంగా ఎక్కడో, సైనిక గోదాములో గుమాస్తా. కాపురానికొచ్చాక అత్తగారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ మావాడిదని చూపించడం మొదలుపెట్టింది. ఆమె నోరు తెరవబోతే, పెద్దావిడ సరదా, పోనిద్దూ అన్నాడతను. అలా పోనిచ్చి ఇరవై రెండేళ్ళు. ఇవాళ బడిలో సభ. యుద్ధవీరుడిగా మాట్లాడమని అతన్ని పిలిచారు. పోనీ నేను చెప్పనా అని నిన్న అడిగి చూసింది. "నువ్వేం చెప్తావు? మంచాల కింద పాత్రలు ఎత్తానని చెప్తావా?" అని నవ్వాడు. నిజమే, ఎత్తింది. ఇప్పుడూ ఎత్తుతోంది, రెండేళ్ళుగా మంచం పట్టిన అతని తల్లికి. కానీ చెప్పాలనుకున్నది అది కాదు. ఆసుపత్రి ఖాళీ చెయ్యమని ఉత్తర్వు వచ్చినప్పుడు, కదిలిస్తే బతకరని పదకొండు మందిని గుడారంలోనే వదిలేశారు. ఆమె లారీ ఎక్కలేదు. రెండు రోజులు తడిగుడ్డతో వాళ్ళ పెదవులు తడుపుతూ, ఒక్కొక్కరి కళ్ళూ మూస్తూ ఉండిపోయింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

కోటు తగిలించి, అత్తగారి పక్కదుప్పటి మార్చడానికి వెళ్ళింది. కిటికీ నిండా ఎండ ఉన్నా గది చల్లగా ఉంది. ఎక్కడినుంచో స్పిరిట్ వాసన. పెద్దావిడ గుమ్మం వైపు చూస్తోంది.

"వాళ్ళని కూర్చోమనవేమే? పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు."

"ఎవరత్తయ్యా?"

పెద్దావిడ వేలు చాపి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. పదకొండు దగ్గర ఆగింది.

"మావాణ్ణి చూపించానే," అంది అత్తగారు, తప్పు చేసి దొరికినట్టు గొంతు తగ్గించి. "ఈయనెవరండీ అంటున్నారు. ఒక్కళ్ళూ గుర్తుపట్టట్లేదు. సిస్టరేదీ అని అడుగుతున్నారు."

ఆమె తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. కానీ వసారాలోని ఎండ గడప దాటి లోపలికి రావడం లేదు, అక్కడ ఎవరో అడ్డంగా నిలబడ్డట్టు.

దుప్పటి మార్చింది. మడతలు లేకుండా నాలుగు మూలలా దోపింది. హాల్లోకి వచ్చి, అద్దం ముందున్న భర్త కోటు మీంచి పతకం తీసి, తన భుజానికి పెట్టుకుంది.

"అత్తయ్యకి పన్నెండింటికి మందు వెయ్యండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే ఒళ్ళు పుండు పడుతుంది. సభకి నేను వెళ్తున్నాను."

అతను ఏదో అనబోయాడు. ఆమె వెనక ఏం చూశాడో, మొహం పాలిపోయి, గోడకి ఆనుకుని దారిచ్చాడు.

వీధి మెట్లు దిగుతుంటే వెనక చాలా అడుగులు వినిపించాయి. ఆమె తిరిగి చూడలేదు. గాయాలతో ఉన్నవాళ్ళు, గబగబా దిగలేరని నడక తగ్గించింది.